దోమలు మందుకు అలవాటు పడవు: విశాఖ మన్యం నుంచి తీరం దాకా జీవ పరిణామం ఆనవాళ్లు

క్లుప్తంగా

జీవ పరిణామం మీద జరిగే వాదనల్లో రెండు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగం అవుతుంటాయి. తరాలు గడిచేకొద్దీ జీవుల్లో మార్పు ఏ దారిన వస్తుందన్నది ఒకటి. ఇప్పుడున్న జీవులన్నీ ఒకే మూలం నుంచి చీలుతూ వచ్చాయనడానికి ఆధారాలేమిటన్నది మరొకటి. మొదటిదానికి జవాబు జనన మరణాల లెక్కలో దొరుకుతుంది. మన్యంలోని సికిల్ సెల్ వ్యాధి, మలేరియాల జోడీ కంటే దానికి దగ్గరి ఉదాహరణ విశాఖవాసులకు లేదు. రెండోదానికి జవాబు ఎముకల్లో, పిల్లదశల్లో, డీఎన్‌ఏలో ఉంది. దాని జాడలు ఫిషింగ్ హార్బర్‌లోనూ, భీమిలి వైపు రొయ్య హేచరీల్లోనూ చూడొచ్చు.

పాఠం ఎక్కడ తెగింది

సిలబస్ భారం తగ్గించే పేరుతో కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ చేసిన కోతల్లో పదో తరగతి సైన్స్ పుస్తకంలోని ‘అనువంశికత, పరిణామం’ అధ్యాయం ‘అనువంశికత’గా మిగిలింది. పరిణామం భాగం పోయింది. దాన్ని తిరిగి చేర్చాలని 2023 ఏప్రిల్‌లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖపై సంతకాలు చేశారు. 12వ తరగతి జీవశాస్త్రంలో ఆ పాఠం అలాగే ఉందన్నది ఎన్‌సీఈఆర్‌టీ వైపు సమాధానం. అది నిజమే. కానీ పది తర్వాత లెక్కలు గానీ, కామర్సు గానీ తీసుకున్న విద్యార్థి ఆ పుస్తకం తెరవడు. అనువంశికత తెలిసి పరిణామం తెలియకపోవడమంటే కూడికలు నేర్చుకుని ఖాతా రాయడం నేర్వకపోవడమే. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఏం వస్తుందో తెలుస్తుంది గానీ, వెయ్యి కుటుంబాల్లో వంద తరాల తర్వాత ఏం మిగులుతుందో తెలియదు.

‘సిద్ధాంతమే కదా’ అన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. వాడుకలో సిద్ధాంతం అంటే ఒకరి అభిప్రాయం. శాస్త్రంలో అయితే ఎన్నో పరిశీలనలను ఒక్క తాటిపైకి తెచ్చి, కొత్తగా ఏం కనిపించాలో ముందే చెప్పగల వివరణ. వ్యాధులకు సూక్ష్మజీవులు కారణమన్నదీ ఈ అర్థంలో సిద్ధాంతమే.

‘అలవాటు’ అనే మాటతో వచ్చే చిక్కు

‘దోమలు కాయిల్‌కు అలవాటు పడిపోయాయి’, ‘క్రిములు మందుకు అలవాటు పడ్డాయి’. ఇంట్లో, మందుల షాపులో, రొయ్యల చెరువు గట్టు మీద రోజూ వినే మాటలివి. తప్పు ఇక్కడే మొదలవుతుంది. అలవాటు పడటం ఒక ప్రాణి తన జీవితకాలంలో చేసే పని. మందు విషయంలో జరిగేది అది కాదు. మందుకు లొంగే దోమ చచ్చిపోతుంది, లొంగనిది గుడ్లు పెడుతుంది. ఏ ఒక్క దోమా మారలేదు, దోమల జనాభాలో పాళ్లు మారాయి.

కాయిళ్లలో, లిక్విడ్ మెషిన్లలో, సర్కారు పంచే దోమతెరల్లో ఉండేవి ఎక్కువగా పైరెథ్రాయిడ్ జాతి మందులు. ఇవి దోమ నరాల్లో సోడియం అయాన్లు వెళ్లే ద్వారాన్ని మూసుకోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. నరం ఆగకుండా కొట్టుకుని దోమ పడిపోతుంది. ఆ ద్వారాన్ని కట్టే ప్రొటీన్‌లో 1014వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు ఫినైల్‌అలనిన్ వస్తే మందు పట్టు సడలుతుంది. ఈ మార్పు ఉన్న దోమలు మందు రాకముందు కూడా అక్కడక్కడా పుడుతూనే ఉండి ఉంటాయి. అప్పట్లో వాటికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. మందు కొట్టిన రోజు నుంచి అదే వాటి ఆస్తి అయింది.

ఈ పాళ్లను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ఒకటుంది. మందు పూసిన కాగితం చుట్టిన గొట్టంలోకి 20–25 ఆడ దోమలను వదిలి గంటసేపు ఉంచుతారు. తర్వాత శుభ్రమైన గొట్టంలోకి మార్చి, 24 గంటలయ్యాక ఎన్ని చచ్చాయో లెక్కిస్తారు. 98 శాతం, ఆపైన చస్తే మందు పనిచేస్తున్నట్టు. 90 శాతం లోపే చస్తే నిరోధకత ఖాయం. మధ్యలో ఉంటే మళ్లీ పరీక్షించాలి. గంటలోపే పడిపోయిన దోమలను చూసి మందు పనిచేసిందనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. స్పృహ తప్పిన దోమ తేరుకోగలదు. అందుకే 24 గంటల నియమం.

అవసరాన్ని బట్టి మార్పు పుడుతుందా, పుట్టిన మార్పును అవసరం ఏరుకుంటుందా? ఈ ప్రశ్నను 1952లో ఎస్తర్, జాషువా లెడర్‌బర్గ్ దంపతులు ఒక మఖమల్ గుడ్డతో తేల్చేశారు. మందు లేని పళ్లెంలో బ్యాక్టీరియాను దట్టంగా పెంచారు. గుండ్రటి దిమ్మెకు మఖమల్ చుట్టి ముద్ర వేసినట్టు ఆ పళ్లెం మీద అద్దారు. నూగుకు అంటుకున్న బ్యాక్టీరియాను అదే దిశలో, స్ట్రెప్టోమైసిన్ కలిపిన రెండు మూడు పళ్లేల మీద వరసగా ముద్రించారు. మందు పళ్లేల్లో అన్నీ చచ్చి, ఒకటీ అరా చుక్కలే మొలిచాయి. ఆ చుక్కలు అన్ని పళ్లేల్లోనూ ఒకే చోట మొలవడమే ఇక్కడ కీలకం. మందు తగిలాక మార్పు పుట్టి ఉంటే ఒక్కో పళ్లెంలో ఒక్కో చోట మొలవాలి. తర్వాత మొదటి పళ్లెంలో సరిగ్గా అదే చోటి నుంచి, మందు వాసన కూడా చూడని కణాలను తీసి పరీక్షిస్తే అవీ మందుకు లొంగలేదు. మార్పు ముందే ఉంది. మందు జల్లెడ పట్టింది, అంతే.

ఈ జల్లెడ పనికే ప్రకృతి వరణం అని పేరు. కొన్ని పుస్తకాలు సహజ ఎంపిక అంటాయి. దానికి కావలసినవి మూడే: జీవుల మధ్య తేడాలుండాలి, ఆ తేడాలు పిల్లలకు సంక్రమించాలి, తేడాను బట్టి మిగిలే సంతానం సంఖ్య మారాలి. ఈ మూడూ ఉన్నచోట పరిణామం జరగకుండా ఆపడం కష్టం. ఇందులో ‘బలవంతుడిదే రాజ్యం’ అన్న సూత్రం ఎక్కడా లేదు. కండబలం ఉండి పిల్లలు లేని జీవి ఈ లెక్కలో సున్నా.

మన్యంలో లెక్క

పాడేరు, అరకు కొండలు 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడవి అల్లూరి సీతారామరాజు జిల్లా. రెండు వ్యాధులు ఆ కొండలను చాలాకాలంగా పట్టి ఉన్నాయి: ఫాల్సిపారం అనే పరాన్నజీవి తెచ్చే మలేరియా, సికిల్ సెల్. ఈ రెండూ ఒకేచోట ఉండటం యాదృచ్ఛికం కాదు.

సికిల్ సెల్‌కు మూలం హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఒకే ఒక్క మార్పు. ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలిన్ వస్తుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఈ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని కడ్డీలుగా పేరుకుంటాయి. మెత్తగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగి బిగుసుకుపోతుంది. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటే ప్రాణం తోడేసే నొప్పి. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇది 10–20 రోజులకే చితికిపోతుంది కాబట్టి రక్తహీనత. ఇదంతా తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు సికిల్ జన్యువులు అందిన బిడ్డ సంగతి. ఒక్కటే అందిన మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. ఆ మనిషే వాహకుడు.

ఇంత హాని చేసే జన్యువు ఎప్పుడో తుడిచిపెట్టుకుపోవాలి కదా? రక్తంలోని ఇలాంటి లోపాలు మలేరియా నుంచి కాపాడుతూ ఉండొచ్చని 1949లో బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఊహించాడు. ఆయన అన్నది థలసీమియా గురించి. సికిల్ సెల్ విషయంలో దాన్ని 1954లో ఆంథొనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపించాడు. వాహకుల్లో తీవ్రమైన ఫాల్సిపారం మలేరియా ముప్పు దాదాపు 90 శాతం తక్కువని తర్వాతి అధ్యయనాల్లో తేలింది. పరాన్నజీవి చేరిన ఎర్రకణం వంగిపోతుంది, ప్లీహం దాన్ని పట్టి పారేస్తుంది. పైగా పరాన్నజీవి ఆ కణాన్ని రక్తనాళం గోడకు గట్టిగా అంటించలేదు.

ఒక లెక్క వేసి చూస్తే విషయం విడిపోతుంది. సంఖ్యలు సౌలభ్యం కోసం ఎంచుకున్నవి. ఒక ప్రాంతంలో వెయ్యి మంది పిల్లలు పుట్టారు, బీటా జన్యువుల్లో పదో వంతు సికిల్ రకం అనుకుందాం. అప్పుడు 10 మందికి రెండూ సికిల్ జన్యువులు. 180 మంది వాహకులు. 810 మందికి రెండూ మామూలువి. వైద్యం లేని కాలంలో ఆ 10 మందీ పెళ్లీడుకు రాకుండానే పోతారు. 810 మందిలో తొమ్మిదికి ఒకరు చొప్పున 90 మందిని మలేరియా తీసుకుపోతుంది. మిగిలింది 720 మంది మామూలు, 180 మంది వాహకులు, మొత్తం 900. వారిలో జన్యువులు 1,800, సికిల్ జన్యువులు 180. మళ్లీ సరిగ్గా పదో వంతు. ఒకవైపు వ్యాధి సికిల్ జన్యువును తీసేస్తోంది, మరోవైపు మలేరియా మామూలు జన్యువును తీసేస్తోంది. తక్కెడ అక్కడ నిలబడింది. ఈ తక్కెడలో ఏ జన్యువూ మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. దోమ ఉన్న ఊళ్లో ఒక విలువ, లేని ఊళ్లో మరో విలువ.

సికిల్ జన్యువును ‘గిరిజనుల లోపం’ అని చూడటం ఎందుకు తప్పో కూడా ఈ లెక్కే చెబుతుంది. అది జాతికి పట్టిన మచ్చ కాదు, మలేరియా కొండల్లో తరతరాలు బతికి బట్టకట్టిన జనం మీద మిగిలిన గుర్తు. ఆఫ్రికాలోనూ, అరేబియా–భారత ప్రాంతంలోనూ ఇదే మార్పు చుట్టూ ఉండే డీఎన్‌ఏ నమూనాలు వేర్వేరుగా కనిపిస్తాయి.

మేనరికం ఏం చేస్తుంది, ఏం చేయదు

తెలుగునాట ఈ ప్రశ్న రాక మానదు. పై లెక్కలోనే, బంధుత్వం లేని ఇద్దరికి పుట్టే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నూటికి 1. మేనత్త కొడుకునో, మేనమామ కూతురినో పెళ్లాడితే అది సుమారు 1.6. మేనమామ, మేనకోడలి పెళ్లయితే 2.1. అంటే రెట్టింపు దాటింది. అయితే మేనరికం జనాభాలో జన్యువుల సంఖ్యను పెంచదు. విడివిడిగా ఉన్నవాటిని ఒకే బిడ్డలో జతపడేలా చేస్తుంది, అంతే. ఇక తల్లిదండ్రులిద్దరూ వాహకులని తేలితే బంధుత్వం ఉన్నా లేకున్నా ఒకటే: ప్రతి కాన్పులోనూ 25 శాతం వ్యాధికి, 50 శాతం వాహకత్వానికి, 25 శాతం ఏమీ లేకపోవడానికి. మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి రెండో బిడ్డకు రాదనుకోవడం లెక్క తెలియని ధీమా.

మలేరియా పోతే?

తక్కెడలో ఒక పళ్లెం ఖాళీ అయితే జన్యువు తగ్గడం మొదలవుతుంది. కానీ ఎంత నెమ్మదిగానో! వ్యాధి ఉన్నవారెవరికీ సంతానం కలగదనే కఠినమైన షరతు పెట్టుకున్నా, పదో వంతు ఉన్న జన్యువు ఇరవయ్యో వంతుకు దిగడానికి 10 తరాలు పడుతుంది. తరానికి 25 ఏళ్ల లెక్కన 250 సంవత్సరాలు. నూటికి ఒకటికి రావాలంటే 90 తరాలు. తగ్గేకొద్దీ వేగం మరీ పడిపోతుంది, ఎందుకంటే జన్యువుల్లో అత్యధికం ఆరోగ్యంగా ఉన్న వాహకుల్లోనే దాగి ఉంటాయి. ఎంపికకు అవి కనిపించవు. హైడ్రాక్సీయూరియా మందు, టీకాలు, సకాలంలో వైద్యం అందితే వ్యాధిగ్రస్తులు కూడా పిల్లల్ని కంటారు కాబట్టి తగ్గుదల ఇంకా నెమ్మదిస్తుంది. అది విచారించాల్సిన విషయం కాదు, వైద్యం ఫలించిందన్నమాట.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను ఈ వెలుగులో చదవాలి. 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించడం, 2047 నాటికి దీన్ని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయడం దాని లక్ష్యం. జన్యువు అప్పటికి పోదు, పోవాల్సిన పనీ లేదు. తగ్గేది వ్యాధితో పుట్టే బిడ్డల సంఖ్య.

ఊళ్లలో ముందుగా చేసేది సాల్యుబిలిటీ పరీక్ష. చుక్క రక్తాన్ని డైథయోనైట్ అనే రసాయనం కలిసిన ద్రావణంలో వేసి కొన్ని నిమిషాలు ఆగుతారు. గొట్టం వెనుక పెట్టిన గీతలు కనిపిస్తే లేనట్టు, మసకేసి గీతలు కనిపించకపోతే సికిల్ హిమోగ్లోబిన్ ఉన్నట్టు. ఈ పరీక్ష మూడు చోట్ల తడబడుతుంది. వాహకుడెవరో, రోగి ఎవరో ఇది విడదీయలేదు. దానికి హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలెక్ట్రోఫోరెసిస్ గానీ కావాలి. ఆరు నెలల్లోపు పసిపిల్లల్లో పిండదశ హిమోగ్లోబిన్ ఎక్కువ ఉండటం వల్ల ఉన్నా లేనట్టు చూపవచ్చు. బాగా రక్తహీనత ఉన్నవారిలో, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవారిలో కూడా అంతే. ఇంకొక జాగ్రత్త: మలేరియా నుంచి రక్షణ వాహకులకే. రెండు జన్యువులూ ఉన్న రోగికి మలేరియా వస్తే అది మరింత ప్రమాదకరం.

పల్లేరు కాయ, పిచ్చుక ముక్కు

అడవిలో, మనిషి ప్రమేయం లేకుండా ఇదే లెక్క జరగడాన్ని కళ్లారా కొలిచిన చోటు పసిఫిక్‌లోని గాలపాగస్ దీవుల్లో డాఫ్నె మేజర్. పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి అక్కడి ఫించ్ పిట్టలకు కాళ్లకు వలయాలు తొడిగి, ముక్కులు మిల్లీమీటర్లలో కొలిచారు. 1977లో వాన పడలేదు. మెత్తటి చిన్న గింజలు అయిపోయాయి. మిగిలినవాటిలో ప్రధానమైనది మన బీచ్ ఇసకలో అరికాలికి గుచ్చుకునే పల్లేరు కాయకు సాటి మొక్క కాయ. దాన్ని పగలగొట్టాలంటే లోతైన ముక్కు కావాలి. మధ్యరకం నేల ఫించ్‌లలో సుమారు 85 శాతం చచ్చిపోయాయి. బతికినవాటి పిల్లల్లో ముక్కు లోతు సగటున దాదాపు అర మిల్లీమీటరు పెరిగింది. 1982–83 ఎల్ నినో కుండపోత వానలతో చిన్న గింజలు విరగకాశాయి. ఎంపిక ఈసారి వెనక్కి, చిన్న ముక్కుల వైపు తిరిగింది. పరిణామం ఏదో శిఖరానికి ఎక్కే మెట్లదారి అనుకునేవారికి ఈ దీవి సరైన జవాబు.

తోక అడ్డమా, నిలువా

ఇక రెండో ప్రశ్న: జీవులన్నీ ఒకే మూలం నుంచి చీలాయనడానికి ఆధారాలేమిటి? ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున దించిన వంజరాన్ని గానీ ట్యూనాను గానీ చూస్తే తోక రెక్క నిలువుగా ఉంటుంది. చేప ఈదేటప్పుడు వెన్ను కుడి ఎడమలకు ఊగుతుంది. అప్పుడప్పుడు తీరానికి కొట్టుకొచ్చే డాల్ఫిన్ తోక రెక్క అడ్డంగా ఉంటుంది. దాని వెన్ను పైకీ కిందికీ ఊగుతుంది. ఇద్దరిదీ ఒకే సముద్రం, ఒకే పని. మరి ఈ తేడా ఎందుకు? బీచ్ రోడ్డు మీద పరుగెత్తే కుక్క నడుమును గమనిస్తే జవాబు దొరుకుతుంది. నేల మీది క్షీరదాల వెన్ను పరుగులో పైకీ కిందికీ వంగుతుంది. బల్లి, మొసలి నడుము చేపలాగే పక్కలకు వంగుతుంది. డాల్ఫిన్ నీళ్లలోకి దిగిన క్షీరదం. తనతో తెచ్చుకున్న వెన్నుతోనే ఈదుతోంది. దాని రెక్కలో భుజం ఎముక, ముంజేతి ఎముకలు రెండు, మణికట్టు, వేళ్లు అన్నీ ఉన్నాయి. పిండదశలో వెనక కాళ్ల మొగ్గలు కనిపించి, తర్వాత మాయమవుతాయి.

నేల నుంచి నీళ్లకు నడిచిన దారిలో ముఖ్యమైన ఎముకలు మన ఉపఖండంలోనే దొరికాయి. జమ్మూకాశ్మీర్‌లోని కాలాకోట్ వద్ద భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు సేకరించిన రాళ్లు ఆయన మరణానంతరం శిలాజ శాస్త్రవేత్త హాన్స్ థెవిసెన్ చేతికి వచ్చాయి. వాటిని తొలుస్తుంటే ఒక పుర్రె చెవి ఎముక విరిగింది. లోపలి అంచు తిమింగలాల్లో మాత్రమే కనిపించేంత మందంగా ఉంది. 2007లో ప్రకటించిన ఆ జంతువే ఇండోహైయస్: 4.8 కోట్ల ఏళ్ల నాటిది, మూషిక జింకలాంటి చిన్న గిట్టల జంతువు. నీళ్లలో మునిగి నిలబడటానికి బరువుగా పనికొచ్చే దట్టమైన కాలి ఎముకలు దానివి. అయితే నాలుగు కాళ్ల తిమింగలం పాకిసెటస్ దీనికంటే కాస్త పాతది. కాబట్టి ఇండోహైయస్ తిమింగలాలకు తాత కాదు, తాతకు దాయాది. శిలాజాల్లో దొరికేది చాలావరకు దాయాదులే. ‘కోతి నుంచి మనిషి వస్తే కోతులింకా ఎందుకున్నాయి’ అనే ప్రశ్నకూ ఇదే జవాబు: పెదనాన్న పిల్లలు ఉన్నంత మాత్రాన మనం తాతకు మనవలం కాకుండా పోము.

ఎముకలు చెప్పిన కథను డీఎన్‌ఏ విడిగా సరిచూసింది. తిమింగలాలకు బతికున్న దగ్గరి బంధువులు నీటిగుర్రాలని తేలింది. ఎలా? ప్రాక్టికల్ రికార్డులు దిద్దే మాస్టారికి తెలిసిన పద్ధతే. ఇద్దరి రికార్డుల్లో సరైన జవాబు ఒకేలా ఉంటే అనుమానం రాదు. ఒకే పేజీలో ఒకే తప్పు ఉంటే కాపీ ఖాయం. డీఎన్‌ఏలో తమను తాము కాపీ చేసుకుని ఎక్కడపడితే అక్కడ దూరే చిన్న ముక్కలుంటాయి. కోట్లాది స్థానాల్లో ఎక్కడైనా దూరగల ముక్క నీటిగుర్రంలోనూ తిమింగలంలోనూ ఒకే చోట ఉంటే, అది ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకుడిలోనే దూరిందన్నమాట. జపాన్‌లోని ఒకాడా బృందం 1999లో ఇలాంటి చోట్లు చూపించింది. విటమిన్ సి సొంతంగా తయారుచేసుకునే జన్యువు మనిషిలోనూ, చింపాంజీలోనూ, కోతుల్లోనూ పాడైపోయి పడి ఉండటం మరో తప్పు. మేకకు ఉసిరికాయ అక్కర్లేదు, మనకు కావాలి.

పిల్లదశల సాక్ష్యానికి భీమిలి తీరం చాలు. రొయ్య గుడ్డు 12–18 గంటల్లో పగిలి నాప్లీ అనే తొలి పిల్లదశ బయటికొస్తుంది. మూడు జతల కాళ్లు, నుదుటి మీద ఒకే కన్ను. మేత తినకుండా లోపలి సొన మీదే ఆరు ఉపదశలు దాటి జోయా, మైసిస్ దశల మీదుగా సీడ్ అవుతుంది. హేచరీ సిబ్బంది మైక్రోస్కోపులో రోజూ చూసే బొమ్మ ఇది. ఇప్పుడు పడవల అడుగున, రేవు రాళ్ల మీద సున్నపు పెంకులతో అతుక్కుని ఉండే బార్నకిల్‌ను చూడండి. కదలదు, మెదలదు. ఒకప్పుడు నత్తల జాతి అనుకున్నారు. 1830లో దాని పిల్లదశ కనిపించాక తెలిసింది, అదీ నాప్లీయే. అదే మూడు జతల కాళ్లు, అదే ఒంటి కన్ను, అదనంగా నుదుటి పక్కల రెండు కొమ్ములు. పెద్దయ్యాక రూపం గుర్తుపట్టలేనంత మారినా చిన్నప్పటి ముఖం రొయ్యతో చుట్టరికాన్ని పట్టిచ్చింది. డార్విన్ 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు ఈ బార్నకిల్స్ మీదే కూర్చున్నాడు. జీవ పరిణామంపై ఆయన 1859లో తెచ్చిన ‘జాతుల పుట్టుక’ పుస్తకం వెనక ఉన్న ఓపిక అది.

సింహాచలం కొండలో శిలాజం దొరకదు

కైలాసగిరి, సింహాచలం, డాల్ఫిన్స్ నోస్ కొండల్లో శిలాజాల కోసం వెతకడం వృథా. ఇవి ఖోండలైట్ రాళ్లు. ఖోండు గిరిజనుల పేరు మీద వచ్చిన పేరది. ఒకప్పటి సముద్రపు మట్టి భూగర్భంలో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ ఉడికి, సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట ఇలా గట్టిపడింది. జంతువులు పుట్టకముందటి మాట. ఆ తర్వాతి పొర ఎర్రమట్టి దిబ్బలు. వాటి వయసు వేల ఏళ్లే. మధ్యలో కోట్ల ఏళ్ల పుటలు విశాఖ పుస్తకంలో చినిగిపోయాయి. అవి కావాలంటే గోదావరి లోయకు వెళ్లాలి. తెలంగాణలోని యామన్‌పల్లి వద్ద దొరికిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. శిలాజాలు లేకపోవడం ఇక్కడ పరిణామానికి వ్యతిరేక సాక్ష్యం కాదు. ఏ రాతిలో ఏది దొరకదో ముందే చెప్పగలగడం సిద్ధాంతానికి పరీక్ష.

ఆ పరీక్షలో సిద్ధాంతం ఓడిపోవడానికి ప్రీకేంబ్రియన్ రాళ్లలో, అంటే కుందేళ్లు పుట్టడానికి ఎంతో ముందటి రాళ్లలో, కుందేలు శిలాజం ఒక్కటి దొరికితే చాలని హాల్డేన్ అన్నట్టు ప్రచారంలో ఉంది. ఆ మనిషి 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడ్డాడు, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. కోరిక మేరకు ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. మలేరియాకూ రక్తానికీ ముడివేసిన తొలి ఊహ చేసినవాడి ఎముకలు మన్యానికి ఇంత దగ్గరలో ఉన్నాయని తెలిసినవారు తక్కువ.

ఎంపికకు రేపటి సంగతి తెలియదు

ఆలివ్ రిడ్లీ తాబేలు విశాఖ తీరంలో ఒక్కో గూటిలో 100–120 గుడ్లు పెడుతుంది. పెద్దయ్యేది వెయ్యిలో ఒకటని అంచనా. ఇంత ఖర్చు మీద, కోట్ల ఏళ్లలో ఒక నియమం బిగిసింది: పిల్ల రాత్రి గూడు వీడగానే వెలుతురున్న వైపు నడవాలి. చీకటి తీరంలో వెలుతురంటే నీటి మీది ఆకాశమే. ఇప్పుడు బీచ్ రోడ్డు దీపాలు సముద్రం కంటే వెలుగుతున్నాయి. పిల్లలు రోడ్డెక్కుతాయి. ఎంపిక నిన్నటి పరీక్షకు సిద్ధం చేస్తుంది, రేపటి ప్రశ్నపత్రం దానికి అందదు. తాబేలుకు ఒక తరం రావడానికే ఏళ్లు పడుతుంది కాబట్టి కొత్త నియమం బిగిసేదాకా వీధిదీపాలు ఆగవు. గుడ్లను హేచరీలకు చేర్చడం, పిల్లలు బయటికొచ్చే కాలంలో దీపాలు తగ్గించడమే మార్గం.

తరం చిన్నదైతే కథ వేరు. మలేరియా మందు క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం దేశంలో 1973లో అస్సాంలో బయటపడింది. ఇప్పుడు ఆర్టిమిసినిన్ అనే మందుకు మరో మందు జతచేసి ఇస్తారు. రెండింటికీ ఒకేసారి లొంగని పరాన్నజీవి పుట్టే అవకాశం విడివిడి అవకాశాల గుణకారం కాబట్టి అది చాలా చిన్నది. అయితే జతలో ఒకటి అప్పటికే చెల్లకపోతే గుణకారం చెడుతుంది. అలా జతగా ఇచ్చే సల్ఫాడాక్సిన్–పైరిమెథమిన్‌కు లొంగని మార్పులు పోగుపడటంతో ఈశాన్య రాష్ట్రాల్లో 2013లో ఆ జత మందును మార్చాల్సి వచ్చింది.

మందే కాదు, పరీక్ష కూడా జల్లెడ కాగలదు. ఆశా కార్యకర్త దగ్గరి కిట్టు ఫాల్సిపారంను గుర్తించేది హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రొటీన్‌ను పట్టుకుని. ఆ జన్యువు రాలిపోయిన పరాన్నజీవులు ఉన్నాయి. కిట్టులో గీత పడదు, రోగికి మందు అందదు, పరాన్నజీవికి బతుకు దొరుకుతుంది. ఎరిత్రియాలో ఇవి ఎంతగా పెరిగాయంటే 2016లో కిట్లనే మార్చారు. ఇలా తప్పిపోయే కేసులు 5 శాతం దాటితే వేరే ప్రొటీన్ పట్టే కిట్లకు మారాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అప్పటిదాకా కాపలా మైక్రోస్కోపుదే. గీత పడలేదని, జ్వరం తగ్గని రోగి రక్తాన్ని స్లైడు మీదికి ఎక్కించకుండా వదిలేస్తే, కిట్టుకు దొరకని ఆ పరాన్నజీవి అదే రాత్రి ఇంకో దోమలోకి చేరవచ్చు.